ఆర్‌ఎక్స్ 100 కొందామా? టూ స్ట్రోక్ బండిలో ఆ మజా ఎక్కడిది, అది ఎందుకు పోయింది?

ఈ ఎపిసోడ్ మా నేరేడుచర్ల నుంచే చేస్తున్నా. వెనకాల ట్రాక్టర్ల సౌండ్ వస్తే ఏమనుకోకండి. కోతల టైమ్ కదా, రోడ్డు నిండా అవే.

ఈ రోజు టాపిక్ పాత స్పోర్ట్స్ బైకులు. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350, యెజ్డీ... రీల్స్‌లో చూసి "ఒక్కసారైనా నడపాలి" అనుకునే బండ్లు. ఈ వీడియో చేయడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్తా.

మా చిన్నమ్మ కొడుకు మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాడు. నెల కింద ఫోన్ చేసి, "అన్నా, ఆర్‌ఎక్స్ 100 దొరికింది. లక్షా పది వేలు చెప్తున్నరు. ఇరవై వేలు బయానా ఇచ్చేసిన" అన్నాడు. ఆ ఇరవై వేలు ఎక్కడివిరా అంటే, వడ్లు అమ్మిన పైసల్లోంచి వాళ్ల నాయన ఫీజు కోసం ఇచ్చినవి. నాకు గుండె గుభేల్మంది. తిట్టలేదు. "మిగతా పైసలు ఇవ్వకు, నేను వస్తున్నా" అని చెప్పి, మా ఊళ్లో ఎన్నో ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న మెకానిక్ చాచాని వెంట తీసుకుని కోదాడ వైపు పోయాం. బండి అక్కడుంది.

కొత్త పెయింట్, మెరిసే క్రోమ్. అమ్మేటాయన ఒక్క కిక్ కొట్టాడు, స్టార్ట్ అయింది. ఆ సౌండ్... మీలో విన్నవాళ్లకి తెలుసు. మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే నాది కూడా. చాచా మాత్రం సౌండ్ వినలేదు. జేబులోంచి గుడ్డ తీసి, కొంచెం కిరోసిన్ అద్ది, హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ దగ్గర తుడవడం మొదలుపెట్టాడు. ఆయన ఏం చూశాడో కాసేపాగి చెప్తా. అంతకంటే ముందు, అసలు ఆ సౌండ్‌లో, ఆ పికప్‌లో ఏముందో అర్థం చేసుకుందాం.

ఇప్పుడు మనం నడిపే బండ్లన్నీ దాదాపు ఫోర్ స్ట్రోక్. పిస్టన్ నాలుగు పనులు చేస్తుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది, నొక్కుతుంది, మంట అంటుకున్నాక కిందికి దిగుతుంది, చివరికి పొగని బయటికి నెడుతుంది. ఈ నాలుగూ అయ్యేసరికి ఇంజన్ రెండు చుట్లు తిరుగుతుంది. అంటే రెండు చుట్లకి ఒక్కసారే పవర్.

టూ స్ట్రోక్‌లో ఈ పనంతా ఒక్క చుట్టులోనే అయిపోతుంది. ప్రతి చుట్టుకీ ఒక పవర్ దెబ్బ. లెక్క చూడండి. ఇంజన్ 6000 ఆర్‌పీఎం మీద ఉంటే ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్‌లో సెకనుకి 50 సార్లు మంట అంటుకుంటుంది. టూ స్ట్రోక్‌లో 100 సార్లు. పైగా ఫోర్ స్ట్రోక్‌లో లాగా తలకాయలో వాల్వులు, క్యామ్‌షాఫ్ట్, టైమింగ్ చైన్ ఏమీ ఉండవు. సిలిండర్ గోడకే రంధ్రాలుంటాయి, వాటిని పోర్టులు అంటారు. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పార్టులు తక్కువ, బరువు తక్కువ.

అందుకే 98 సీసీ ఆర్‌ఎక్స్ 100 దాదాపు 11 హార్స్‌పవర్ ఇచ్చేది. బండి బరువు సుమారు 100 కిలోలే. అదే రోజుల్లో అదే సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌తో వచ్చిన హీరో హోండా సీడీ 100 పవర్ ఏడు హార్స్‌పవర్ దగ్గర. తేడా ఎంతుందో మీకే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. టూ స్ట్రోక్ బండి నడిపినవాళ్లు ఒక మాట చెప్తారు: "మెల్లగా పోతుంటే ఏమీ ఉండదు, ఒక స్పీడ్ దాటగానే ఒక్కసారి గుంజుతుంది." అది భ్రమ కాదు. దానికి కారణం సైలెన్సర్. టూ స్ట్రోక్ సైలెన్సర్ అంటే ఉత్త గొట్టం కాదు, మధ్యలో లావుగా, చివర సన్నగా ఉంటుంది. ఇంజన్‌లోంచి పొగ బయటికి పోయేటప్పుడు దాని వెంట ఒక ప్రెషర్ అల కూడా పోతుంది. బావిలోకి అరిస్తే మన గొంతు తిరిగొచ్చినట్టు, ఆ అల సైలెన్సర్ సన్నబడే చోట తగిలి వెనక్కి వస్తుంది. వస్తూ వస్తూ, పొగతో పాటు బయటికి జారిపోయిన కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అయితే ఇది కరెక్ట్ టైమ్‌కి వచ్చేది కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే. ఆ రేంజ్‌లోకి రాగానే బండి గుంజుతుంది. దాన్నే పవర్ బ్యాండ్ అంటారు.

ఈ సైలెన్సర్ వెనక ఒక పెద్ద కథే ఉంది. 1950లలో తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే కంపెనీ ఉండేది. దాని ఇంజనీర్ వాల్టర్ కాడెన్. ఈ ప్రెషర్ అలల లెక్కని రేస్ బండ్లలో గట్టిగా పనిచేయించిన మనిషి ఆయన. డబ్బుల్లేని చిన్న కంపెనీ, అయినా ప్రపంచ రేసుల్లో పెద్ద కంపెనీలకి చెమటలు పట్టించింది. 1961లో ఆ టీమ్ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేస్‌కి పోయి, అటు నుంచి అటే పశ్చిమ దేశాలకి పారిపోయాడు. ఆ టెక్నాలజీ రహస్యాలతో జపాన్ కంపెనీ సుజుకిలో చేరాడు. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకి 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. గెలిచిన రైడర్ డెగ్నరే. ఆ తర్వాత జపాన్ టూ స్ట్రోక్ బండ్లు ప్రపంచాన్ని ఏలాయి.

ఆ గాలి మన దేశానికి 1980లలో గట్టిగా తగిలింది. అప్పటిదాకా మన రోడ్ల మీద బుల్లెట్, రాజ్‌దూత్ 175, మైసూర్‌లో తయారైన జావా, యెజ్డీ ఉండేవి. యెజ్డీలో ఒక గమ్మత్తు ఉండేది. కిక్ రాడ్డే తిప్పి ముందుకి పెడితే గేర్ రాడ్ అయ్యేది. పెద్దవాళ్లని అడగండి, నవ్వుతూ చెప్తారు.

1983లో ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ 350 తెచ్చింది. అది యమహా ఆర్‌డీ 350కి మన దేశపు రూపం. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. రెండు రకాలుగా వచ్చింది. హెచ్‌టీ 30.5 హార్స్‌పవర్, ఎల్‌టీ 27. ఇప్పటికీ చాలా కొత్త బండ్లకి అంత పవర్ లేదు, ఆ రోజుల్లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మద్రాస్ దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి, అక్కడ ఈ బండి ఒక హీరో. కానీ షోరూమ్‌లో ఫెయిల్ అయింది. రేటు ఎక్కువ, మైలేజ్ తక్కువ, స్పేర్లు దొరకవు, రిపేర్ చేయడం చాలామంది మెకానిక్‌లకి తెలియదు. ఆ దశాబ్దం చివరికి ఆగిపోయింది. అప్పుడు ఎవరికీ వద్దన్న బండి, ఇప్పుడు లక్షలు పెడతామన్నా దొరకట్లేదు.

1985 చివర్లో వచ్చింది యమహా ఆర్‌ఎక్స్ 100. 1996 దాకా తయారైంది. తేలిక బండి, మంచి పికప్, ఊళ్లలో కూడా రిపేర్ అయ్యే ఇంజన్. ఆ తర్వాత ఆర్‌ఎక్స్ 135, సుజుకి షోగన్, షావోలిన్ వచ్చాయి. 2018లో "ఆర్‌ఎక్స్ 100" అనే పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. ఆ బండి తయారీ ఆగిపోయాక పుట్టిన పిల్లలకి కూడా దాని పేరు నోట్లో నానడం మొదలైంది. మా తమ్ముడు కూడా ఆ బ్యాచే.

మరి ఇంత మంచి ఇంజన్ ఎందుకు పోయింది? చాలామంది "కంపెనీలు కావాలని ఆపేశాయి" అనుకుంటారు. అసలు కారణం ఆ ఇంజన్‌లోనే ఉంది. మనకి మజా ఇచ్చిన అదే డిజైన్‌లో.

ఒకటి, పోర్టులు. పొగ బయటికి పోయే పోర్టు, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే పోర్టు కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. అందుకే కొంత పెట్రోల్ కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. సైలెన్సర్‌లో అల వెనక్కి నెట్టేది కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే అని చెప్పా కదా. మిగతా టైమ్ అంతా పెట్రోల్ గాలిలోకే. మైలేజ్ తక్కువ ఉండటానికి, ఆ వాసన రావడానికి కారణం ఇదే.

రెండు, ఆయిల్. ఫోర్ స్ట్రోక్‌లో ఇంజన్ ఆయిల్ కింద వేరే ఉంటుంది. టూ స్ట్రోక్‌లో మిశ్రమం క్రాంక్ గదిలోంచే వెళ్లాలి, కాబట్టి ఆయిల్‌ని కూడా దాంట్లోనే కలపాలి. ఆ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కాలుతుంది. ఆ నీలం పొగ అదే. రీల్స్‌లో అందంగా కనిపిస్తుంది కానీ, సిగ్నల్ దగ్గర ఆ బండి వెనక నిలబడితే తెలుస్తుంది దాని సంగతి.

1991 నుంచి మన దేశంలో బండ్ల పొగ మీద నిబంధనలు మొదలయ్యాయి. 1996లో, 2000లో ఇంకా గట్టి చేశారు. 2017 ఏప్రిల్‌లో బీఎస్ 4, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6. ఈ పరీక్షలు పాస్ కావడం కార్బొరేటర్ టూ స్ట్రోక్ బండి వల్ల కాలేదు. పెట్రోల్ రేట్లు పెరిగేకొద్దీ జనం కూడా మైలేజ్ ఇచ్చే ఫోర్ స్ట్రోక్ వైపు పోయారు. రేసుల్లోనూ అంతే. మోటోజీపీలో 500 సీసీ టూ స్ట్రోక్‌ల స్థానంలో 2002 నుంచి 990 సీసీ ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాయి. అంత దూరం ఎందుకు, మన పొలం గట్ల మీద యూరియా బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్‌నే చూడండి. పాతదాంట్లో పెట్రోల్‌లో ఆయిల్ కలిపేవాళ్లం. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ వచ్చాయి. ట్యాంక్ మీద పేరు పాతదే, లోపల ఫోర్ స్ట్రోక్, నీళ్లతో చల్లబడే ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్.

కొత్త టెక్నాలజీ మనకి ఏమిచ్చింది? పాత కార్బొరేటర్‌లో చిన్న రంధ్రాలున్న జెట్లుంటాయి, గాలి లాగే కొద్దీ పెట్రోల్ వస్తుంది. చలికాలం పొద్దున చోక్ వేసి పది కిక్కులు కొట్టాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో సెన్సార్లు వేడి, గాలి, థ్రాటిల్ చూసి చిన్న కంప్యూటర్‌కి చెప్తాయి. ఎంత పెట్రోల్ కొట్టాలో అది లెక్కేస్తుంది. 2008లో వచ్చిన యమహా ఆర్15 గుర్తుంది కదా. 149.8 సీసీ, నాలుగు వాల్వులు, లిక్విడ్ కూలింగ్, ఇంజెక్షన్, ఆరు గేర్లు, 17 హార్స్‌పవర్. పొగ లేకుండా, మైలేజ్ పోకుండా స్పోర్ట్స్ బండి చేయొచ్చని మన రోడ్ల మీద అది చూపించింది.

పోయింది కూడా ఒకటుంది. పాత బండి మధ్యలో ఆగితే ప్లగ్ విప్పి తుడిచి, జెట్ నోటితో ఊది, మళ్లీ స్టార్ట్ చేసుకుని ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పుడు సెన్సార్ పోతే ల్యాప్‌టాప్ లాంటి స్కానర్ కావాలి. చాచా అంటాడు, "అప్పుడు బండి మాట్లాడేది, మేం వినేవాళ్లం. ఇప్పుడు మిషన్‌కి చెప్తది, మిషన్ మాకు చెప్తది." బాధతో కాదు, నవ్వుతూనే అంటాడు. ఆయన కూడా స్కానర్ కొన్నాడు మరి.

ఇప్పుడు సీరియస్ విషయం. బ్రేకులు. ఆర్‌ఎక్స్ 100కి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. అంతెందుకు, 30 హార్స్‌పవర్ రాజ్‌దూత్ 350కి కూడా మన దేశంలో ముందు డ్రమ్మే. ఏబీఎస్ అనే మాటే లేదు. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది 2018 ఏప్రిల్ నుంచి.

ఇది మన ఏరియాలో ఎందుకు ముఖ్యమో చెప్తా. కోతలయ్యాక రోడ్డుకి ఒక పక్క వడ్లు ఆరబోస్తారు. సాయంత్రం వెలుతురు తగ్గాక కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు కూడా కనిపించవు. వడ్ల మీద బ్రేక్ కొడితే చక్రం లాక్ అయి జారుతుంది. రెండేళ్ల కింద నేను డ్రమ్ బ్రేకుల పాత బండి మీద అలాగే పడ్డా. హెల్మెట్ ఉంది కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో బయటపడ్డా. ఏబీఎస్ ఉన్నా వడ్ల మీద దూరం ఎక్కువే పడుతుంది, కానీ చక్రం లాక్ కాదు, హ్యాండిల్ మన చేతిలో ఉంటుంది. తప్పు బండిది కాదు. పాత బండి మీద కూర్చుని కొత్త బండి అలవాట్లతో నడిపిన నాది. పికప్ చూసి మోసపోవద్దు. ఎంత తొందరగా పోతుంది అన్నది కాదు, ఎంత తొందరగా ఆగుతుంది అన్నది అడగండి.

సరే, ఇప్పుడు చాచా ఏం చూశాడో చెప్తా. ఆయన తుడిచింది ఛాసిస్ నంబర్. ఆర్సీలో ఉన్న నంబరే ఫ్రేమ్ మీదా ఉంది. మా తమ్ముడు "చూశావా అన్నా, మ్యాచ్ అయింది" అన్నాడు. చాచా వేలితో చూపించాడు. అంకెలు ఒక లైన్‌లో లేవు, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. పెయింట్ కింద గ్రైండింగ్ గీతలు. అంటే పాత నంబర్ అరగదీసి కొత్తది కొట్టారు. ఎక్కడో తుక్కులోకి పోయిన బండి ఆర్సీ, ఇంకెక్కడిదో ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ దొంగబండిది అయితే? రేపు పోలీసులు ఆపితే సమాధానం చెప్పాల్సింది అమ్మినాయన కాదు, మా తమ్ముడు. డిగ్రీ చదివే పిల్లగాడు, కేసు అంటే ఏమవుతుంది చెప్పండి.

గొడవ పడితే బయానాలో పన్నెండు వేలు తిరిగొచ్చినయ్. ఎనిమిది వేలు పోయినయ్. వాళ్ల నాయనకి ఆ రోజే వాడితోనే చెప్పించా.

కాబట్టి మీరు పాత బండి కొనేముందు ఇవి చూడండి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో కలవడమే కాదు, అవి కంపెనీ కొట్టినవేనా అని తెలిసిన మెకానిక్‌తో చూపించండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఆర్సీ గడువు, ఇన్సూరెన్స్ చూడండి. అమ్మే మనిషి ఆర్సీలో పేరున్న ఓనరేనా? కాకపోతే ఆగిపోండి. ప్రైవేట్ బండి ఆర్సీ మొదట 15 ఏళ్లకి ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ కావాలి. ఇవన్నీ చూశాకే బయానా. ముందు కాదు.

"వింటేజ్ అని రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది కదా" అని కొందరు అంటారు. అలా కాదు. 2021లో వచ్చిన కేంద్రం రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికే ఆ హోదా. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు. ఆ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీయొచ్చు, రోజూ కాలేజీకి వేసుకుపోవడానికి కాదు. 1985 నాటి మొదటి ఆర్‌ఎక్స్‌కి కూడా 2035 దాకా ఆ అర్హత రాదు.

ఇక సైలెన్సర్. సౌండ్ కోసం లోపలి జాలీ తీసేయడం, బయటి గొట్టం పెట్టడం చేయకండి. పొగ, శబ్దం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టంలో మొదటిసారికే 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. పైగా ఆ లెక్క మీరు ఇందాకే విన్నారు. అల తిరిగొచ్చేది ఆ ఆకారం వల్లే. ఆకారం మారిస్తే సౌండ్ పెరుగుతుంది, పవర్ తగ్గొచ్చు.

మీ ఇంట్లో ఇప్పటికే పాత టూ స్ట్రోక్ ఉంటే దానికి రెండు జాగ్రత్తలు చెప్తా. ఒకటి, టూ టీ ఆయిల్ ఎప్పుడూ మర్చిపోవద్దు. ఆయిల్ పంపు ఉన్న బండికి డబ్బాలో ఆయిల్ ఉందా చూడండి, పంపు లేనిదానికి కంపెనీ చెప్పిన కొలతలో పెట్రోల్‌లో కలపండి. ఆయిల్ లేకుండా నడిపితే పిస్టన్ బోర్‌కి పట్టేస్తుంది, నడుస్తుండగానే వెనక చక్రం ఆగిపోతుంది. అలా పట్టేసినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టండి. రెండు, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. దాంట్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్ సెట్టింగ్‌తో మిశ్రమం పలచనై ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. పైపులు మార్పించండి, జెట్ ఒకసారి చూపించండి, బండి నెల రోజులు పక్కన పెట్టేటట్టుంటే కార్బొరేటర్‌లో పెట్రోల్ ఖాళీ చేసి పెట్టండి.

చివరిగా ఒక్క మాట. పాత బండి మీద ఇష్టం తప్పు కాదు. నాకూ ఉంది. కానీ ఆ ఇష్టానికి కారణమేంటో, అది రోడ్డు మీద నుంచి ఎందుకు పోయిందో రెండూ తెలిసి ఇష్టపడితే బండీ బతుకుతుంది, మనమూ బతుకుతాం. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూసుకోండి, ఆదివారం పొద్దున మెల్లగా ఒక రౌండ్ వేయండి. రోజువారీ పరుగులు కొత్త బండికి వదిలేయండి.

మా తమ్ముడి సంగతి అడుగుతారేమో. ఇంకా ఆర్‌ఎక్సే కావాలంటున్నాడు. నేను వద్దనలేదు. చదువు అయ్యాక, సొంత జీతంతో, పేపర్లు సరిగ్గా ఉన్న బండి దొరికేదాకా ఆగమన్నా. ఈలోగా ఆదివారాలు చాచా షెడ్డుకి పోతున్నాడు. మొన్న మొదటిసారి కార్బొరేటర్ విప్పి మళ్లీ తనే బిగించాడు. ఒక స్ప్రింగ్ మిగిలిపోయిందట. చాచా మళ్లీ మొత్తం విప్పించాడు.

ఓకే ఫ్రెండ్స్, ఇంటికెళ్లాక మీ నాన్ననో తాతనో అడగండి, వాళ్లు మొదట నడిపిన బండి ఏంటో, అది ఏమైందో. వచ్చే ఎపిసోడ్‌లో ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. హెల్మెట్ పెట్టుకోండి, వడ్లు ఆరబోసిన దగ్గర మెల్లగా పోండి. ఉంటాను మరి, నమస్తే.